నెత్తురులోని పులుసు

మృగశిర కార్తె ప్రవేశించినది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున బత్తిని వారి చేప ప్రసాదమునకై ఉబ్బసరోగులు బారులు తీరినారు. బ్రతికియున్న కొరమీను పిల్ల నోట మందుముద్ద నుంచి, చేపతో గూడ మ్రింగించు ఈ యాచారము 1845 నుండి వచ్చుచున్నదని ఆ కుటుంబమువారి మాట. మందు గుణమును వైద్యశాస్త్ర మొప్పుకొనలేదు. ఆ తగవు నాకిప్పుడు వలదు. నా చిక్కు చేపతో.

ఈ శీర్షికను విడువక చదువువారికి నా పాత పాట కంఠోపాఠమే: పరాధీనము కాని బ్రతుకే బ్రతుకు, అందుకు గాలి పీల్చు కొరమీనే సాక్షి. అబిడ్స్ కాలిబాటపై ఆదివారపు పాతపుస్తకముల గుట్టలో, అట్టలేని దానికి అంత వెల యేమని వాదించి సగమునకు తెచ్చుకొన్న జంతుశాస్త్ర గ్రంథము ఆ సాక్షిని కాస్త ఎదుటిపక్షమున నిలిపినది.

నీట ప్రాణవాయువు స్వల్పము గనుక సామాన్యమైన చేప మొప్పలగుండ ఎడతెగక నీటిని పారించును. ఆ ప్రవాహమున, మా చిన్ననాటి వాచకములు బొగ్గుపులుసు వాయువనిన కార్బన్ డయాక్సైడు సులువుగ కడుగుకొనిపోవును. మన నెత్తుట దాని పీడనము సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసము. అట్టి చేపలలో సాధారణముగ 2 నుండి 4 వరకే. కొరమీను మొప్పలపైనున్న గదులలో గాలి నింపుకొనును, నీరెంతయున్నను పైకి రానీయకున్న ఉక్కిరిబిక్కిరియై చచ్చును. కాని అది గాలినుండి పుచ్చుకొనుటయే. విడుచుట మాత్రము అధికభాగము నీటిలోనికే! గట్టున వేసిన, మొప్పరేకు లొకదానికొకటి అంటుకొని ఆ దారి మూసికొనును, వాయువు నిలిచి నెత్తురు పులియును. ఆ పులుపును విఱుచునది వంటసోడాలోని బైకార్బొనేటే. దానిని కూడబెట్టుటకై ఆమ్లమును త్రోసి లవణమును పుచ్చుకొను బేరమును ముఖ్యముగ మొప్పల యొద్దనే జరుగవలెను, ఎదుటి బేరగాడు మరల నీరే.

మా మేనత్త ఉబ్బసముతో మంచమున కూర్చుండి రాత్రులు గడపెడిది. వీపు నిమురుచు, గాలి యాడుట లేదా అత్తా యని యడిగితిని. “లోపలికి పోతూనే ఉందిరా, బయటికే రావడం లేదు” అనినది. నలుబదియేండ్లుగ ఆ మాటను మఱచి, పీల్చుటనే ఊపిరి యనుకొని వ్రాయుచు వచ్చితిని.

మొన్న మైదానమున, చేపపిల్లను కొన్న యొక తల్లి బరువని కవరులోని నీరు ఒంపివేయుచుండగ, కొంత యుండనీయుమని బ్రతిమాలితిని.

“ఇగ మింగేదే గద సార్, నీళ్లెందుకు?” అనినది.