ఇల్లు లాక్కెళ్ళే పుస్తకాలు

తెలుగులో ‘కారవాన్’ అనగానే మనకు గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరోగారి ఏసీ బండి. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకు మాత్రం అది కారు వెనక తగిలించుకుని దూరాలకు లాక్కెళ్ళే చిన్న ఇల్లు. అందులో మట్టిదారులకు, రాళ్ళకు తట్టుకునే రకాన్ని క్యాంపర్ ట్రైలర్ అంటారు. మడత విప్పితే గుడారం, వెనక తలుపు దించితే వంటిల్లు. సెలవుల్లో దాన్ని లాక్కుంటూ అక్కడి మారుమూల నేషనల్ పార్కులకు వెళ్ళొచ్చినవాళ్ళు రాసే రాతల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: అక్కడ మైళ్ళకొద్దీ మనిషనేవాడు లేడని.

నా పేచీ ఈ మాటతోనే. నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, సాహిత్యం క్లాసులో చదువుకోలేదు. కానీ ఇంటిని వెంటబెట్టుకుని తిరిగేవాళ్ళ రాతలంటే ఇష్టం, దొరికినవన్నీ చదువుతాను. చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ బరువు ఎవరు లాగుతున్నారు? ఖాళీ అంటున్న ఆ చోటు ఎవరి ఇల్లు?

మొదటి ప్రశ్నకు ట్రైలర్ లాగేవాళ్ళ దగ్గర పక్కా లెక్కుంది. మొత్తం బరువులో దాదాపు పదో వంతు కారు కొక్కెం మీద పడాలి. వెనకవైపు బరువెక్కువైతే స్పీడ్‌లో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, కారుని కూడా తిప్పేస్తుంది. అందుకే నీళ్ళ ట్యాంకు ఎక్కడుండాలి, ఇసుకలో టైర్లలో గాలి ఎంత తగ్గించాలి అని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో నిజాయితీ ఉంటుంది. అదే మనిషి యాత్ర గురించి రాయడానికి కూర్చోగానే బరువు మాయమై సూర్యాస్తమయం ఒక్కటే మిగులుతుంది.

రెండో ప్రశ్నకు పశ్చిమ ఆస్ట్రేలియాలోని పర్నులులు మంచి ఉదాహరణ. తేనెతుట్టెల్లాంటి చారల కొండలు. హైవే నుంచి 53 కిలోమీటర్ల మొరటు దారి; పెద్ద కారవాన్లను రానివ్వరు, ఒకే ఇరుసున్న గట్టి ట్రైలర్ అయితేనే అనుమతి. 1983లో టీవీ వాళ్ళు పైనుంచి చిత్రీకరించాక ఆ కొండలు బయటి ప్రపంచానికి ‘తెలిశాయి’. 1987లో నేషనల్ పార్క్, 2003లో ప్రపంచ వారసత్వ స్థలం అయ్యాయి. మరి పర్నులులు అన్న పేరెక్కడిది? ఇసుకరాయికి గిజా భాషలో ఉన్న మాట. వేల ఏళ్ళుగా ఆ రాయికి పేరు పెట్టుకుని పిలుస్తున్నవాళ్ళు ఉండగా అది ఎవరూ లేని చోటు ఎలా అవుతుంది?

ఈ రెండు ప్రశ్నలతో మన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. వెంట దాదాపు నూరుమంది, పల్లకీ, డేరాలు. ఇంటిని వెంట తీసుకెళ్ళడమంటే అదీ! హైదరాబాదు దాటాక మా కామారెడ్డి వైపు నుంచే నిర్మల్, నాగపూర్ చేరాడు. 1838లో పుస్తకంగా వచ్చిన ఆ రాతల్లో ప్రతి మజిలీకీ లెక్కలుంటాయి: ఎన్ని ఆమడలు, దారి ఇసుకా రాళ్ళా, నీళ్ళకు బావా చెరువా, అంగళ్ళున్నాయా లేవా. పల్లకీ మోసే బోయీలు కూడా ఆ లెక్కలో ఉంటారు. ఆయన దయగలవాడనో, కులం దాటి చూశాడనో నేననడం లేదు. ఆయన కాలపు మనిషే. కానీ తను కదలాలంటే ఎవరో మొయ్యాలన్న సంగతిని దాచలేదు. అందుకే ఆ పుస్తకం ఇవాళ్టికీ నిలబడింది. ఎక్కడ నీళ్ళు దొరికాయో రాసేవాడు అక్కడ మనుషులున్నారని కూడా రాసినట్టే కదా.

నూటముప్పై ఏళ్ళ తర్వాత అమెరికాలో స్టైన్‌బెక్ ట్రక్కు మీద ఇల్లు కట్టించుకుని, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు రోసినాంటే అని పెట్టి, చార్లీ అనే కుక్కతో దేశం చుట్టాడు. ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ 1962లో వచ్చింది. ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు. కానీ ఆ ప్రయాణంలో ఆయన చాలా రాత్రులు ట్రక్కులో కాకుండా హోటళ్ళలోనే గడిపాడని, సంభాషణల్లో కొంత కల్పన ఉందని తర్వాత తేలింది. 2012 ఎడిషన్ ముందుమాటలో జే పరీనీ కూడా ఆ సంగతి ఒప్పుకున్నాడు. కల్పన ఉన్నందుకు నాకు కోపం లేదు. ఒంటరితనానికి గుర్తుగా నిలబెట్టిన ఆ బండి చాలాచోట్ల సెట్ ప్రాపర్టీ అయిపోయిందని మాత్రం అనిపించింది.

రాబిన్ డేవిడ్‌సన్ ‘ట్రాక్స్’ దీనికి సరైన జవాబు. 1977లో ఆమె ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి హిందూ మహాసముద్రం దాకా నాలుగు ఒంటెలు, ఒక కుక్కతో దాదాపు 2,700 కిలోమీటర్లు నడిచింది. 1980లో వచ్చిన పుస్తకంలో మొదటి పెద్ద భాగం ప్రయాణమే కాదు, ఒంటెల పని నేర్చుకోవడం. ఆస్ట్రేలియాకు ఒంటెలు రావడమే పందొమ్మిదో శతాబ్దంలో అఫ్ఘానిస్తాన్ నుంచి, అప్పటి మన వాయవ్య సరిహద్దుల నుంచి వెళ్ళిన ఒంటెలవాళ్ళతో వచ్చాయి. ఆ ఎడారిలో సరుకు మోసింది వాళ్ళు. ఆ విద్యలో కొంత ఆమెకు వాళ్ళ వారసుల ద్వారా అందింది. దారిలో కొన్నాళ్ళు ఎడ్డీ అనే ఆదివాసీ పెద్దాయన తోడు నడిచాక ఆమెకు ఎడారి ఖాళీగా కనపడటం మానేస్తుంది. ఆ పేజీల కోసమైనా చదవాలి.

ఇక మా వైపు సంగతి. నేను పుట్టింది కామారెడ్డిలో, అమ్మమ్మ ఊరు ఎల్లారెడ్డి. మధ్యలో లింగంపేట, అడవి, దారికి అటూ ఇటూ తండాలు. ఎల్లారెడ్డి దాటి మెదక్ వైపు పోతే పోచారం అభయారణ్యం. వీకెండ్‌కి హైదరాబాదు నుంచి టెంట్లు వేసుకుని వచ్చేవాళ్ళు ఈ మధ్య పెరిగారు. వాళ్ళ నోటా అదే మాట: ఎవ్వరూ ఉండరు, సూపర్ ప్లేస్.

ఇక్కడ ‘తండా’ అన్న మాట దగ్గర ఆగాలి. ఇవాళ మనకు తండా అంటే ఊరి చివర లంబాడీల ఇళ్ళు. అసలర్థం వేరు: సరుకు మోసే ఎద్దుల బిడారు. అంటే కారవాన్! 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వర్తకుడికి ఉత్తరాదిన ఎదురైన ఒక తండాలో 14,000 ఎద్దులున్నాయట, అన్నిటి మీదా ధాన్యమే. ఆడవాళ్ళు, పిల్లలు, సంసారమంతా వెంటే. బంజారాలు ధాన్యం, ఉప్పు మోశారు, దక్కన్‌లో సైన్యాలకు తిండి చేరవేశారు. రైళ్ళు, కొత్త రోడ్లు వచ్చాక ఆ పని పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం తిరిగే బతుకునే అనుమానించింది. చాలాచోట్ల బంజారాలను ఆ జాబితాలో చేర్చారు. బిడారు ఆగిపోయింది. ఆగిన చోటుకీ ఆ పేరే మిగిలింది. లింగంపేట దారిలో బోర్డు మీద ‘తండా’ అని చూసిన ప్రతిసారీ మనం చదువుతున్నది నిలిచిపోయిన ఒక ప్రయాణం పేరు.

అదే కదలిక ఒకరికి స్వేచ్ఛ, ఇంకొకరికి నేరం. ప్రయాణ సాహిత్యం మీద నేను చదివిన తెలుగు వ్యాసాల్లో ఈ ముక్క కనపడలేదు. కారణం మన అల్మారాల్లోనే ఉందనుకుంటాను. వెళ్ళి, చూసి, తిరిగొచ్చినవాడు రాస్తే యాత్రా సాహిత్యం. కదలడమే బతుకైనవాడు రాస్తే అస్తిత్వ సాహిత్యం. రమేశ్ కార్తీక్ నాయక్ 2018లో తెచ్చిన మొదటి కవితా సంపుటి పేరు ‘బల్దేర్ బండి’, అంటే ఎద్దుల బండి. మా పాత నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన కవి. తర్వాత ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే పెళ్ళిలో ఆడపిల్ల ఇల్లు వదిలేటప్పటి ఏడుపు పాట. ఒక పుస్తకం పేరు బండి, ఇంకో పుస్తకం పేరు ఇల్లు వదిలే పాట. ప్రయాణ సాహిత్యానికి ఇంతకంటే దగ్గరి పేర్లేముంటాయి? అయినా వీటి మీద మాట్లాడేటప్పుడు మనం తండా, సంస్కృతి, అణచివేత దగ్గరే ఆగిపోతాం. దారి గురించి అడగం.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు: బతకలేక తిరిగినవాళ్ళ రాతల్ని టూరిజం పక్కన పెడితే బాధను రొమాంటిక్ చేసినట్టు కాదా? ఆ భయం న్యాయమైనదే. అమెరికాలో ‘నోమాడ్‌లాండ్’కీ ఇదే చిక్కు వచ్చింది. జెస్సికా బ్రూడర్ 2017 పుస్తకంలో ఇల్లు పోగొట్టుకుని వ్యాన్లలో బతికే ముసలివాళ్ళు అమెజాన్ గోడౌన్లలో ఒళ్ళు హూనం చేసుకుంటారు. ఆస్కార్ గెలిచిన సినిమాలో ఆ నొప్పి కంటే ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. కానీ నేనడుగుతున్నది దానికి తిరకాసు. తండా రాతలకు యాత్ర రంగు పులమొద్దు. మన యాత్రల్నే తండా పక్కన పెట్టి చూద్దాం. అప్పుడు ఫొటోలోకి రాని బరువు, పేరు చెప్పకుండా వదిలేసిన ఊరు బయటపడతాయి. మంచి రాత ఆ పరీక్షకు తట్టుకుంటుంది. వీరాస్వామయ్య తట్టుకున్నాడు, డేవిడ్‌సన్ తట్టుకుంది.

చదవాలనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. ‘కాశీయాత్ర చరిత్ర’లో హైదరాబాదు నుంచి నిర్మల్ దాకా ఉన్న పేజీలు ముందు చదవండి. వెంటనే ‘బల్దేర్ బండి’ తీయండి. రెండూ దాదాపు ఒకే నేల. ఒకదాన్లో పల్లకీలో కూర్చున్న మనిషి దారి చెబుతాడు, రెండోదాన్లో బరువు మోసినవాళ్ళ మనవడు. ఇన్నేళ్ళూ ఈ రెంటినీ వేరే వేరే అరల్లో ఎందుకు పెట్టుకున్నామో ఎవరైనా చెబితే వినాలనుంది.