హెపటైటిస్ చికిత్సలో ‘అంచనా’: తెలుగు వైద్యరచనపై ఒక విమర్శ

పుట్టపర్తి, ధర్మవరం పరిసరాల పల్లెల్లో కళ్లు పచ్చబడితే మొదట వినిపించే మాట ‘కామెర్లు’, మొదట గుర్తుకొచ్చేది పసరు మందు. తెలుగు ఆరోగ్యరచన కూడా చాలావరకు ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంది. హెపటైటిస్ ‘ఎ’ సోకినవారిలో అత్యధికులు దానంతటదే కోలుకుంటారు. కీర్తి పసరుకు దక్కుతుంది. ‘బి’, ‘సి’ వైరస్‌లు కామెర్లు కనిపించకుండానే ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోగలవు. లక్షణం పేరే వ్యాధి పేరైనప్పుడు ఈ రోగి మన రచనకు అందడు.

1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి వాడిన 37 మంది హెపటైటిస్ ‘బి’ వాహకులలో 22 మందికి ఉపరితల యాంటిజెన్ కనబడకుండా పోయిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాతి అధ్యయనాలు ఆ ఫలితాన్ని నిలబెట్టలేకపోయాయి. మొదటి వాక్యాన్ని ఉటంకించేవారు రెండవదాన్ని వదిలేయడం పరిశోధన అనిపించుకోదు.

చికిత్సకు ఎవరు స్పందిస్తారో ముందే తెలుసుకోవాలన్న ప్రశ్న ఇంటర్‌ఫెరాన్ కాలంలో పదునెక్కింది. హెపటైటిస్ ‘సి’ ఒకటవ జన్యురూపానికి 48 వారాల ఇంజెక్షన్లు, తీవ్రమైన దుష్ప్రభావాలు, సగం మందికి అటూఇటూగా ఫలితం. 2009లో ఐఎల్28బి జన్యువు సమీపంలోని ఒక భేదం ఈ స్పందనను సూచిస్తుందని తేలింది. అయితే భారతదేశంలో అధికంగా కనిపించే మూడవ జన్యురూపంలో ఆ సూచిక బలం తక్కువ. ఒక జనసమూహంలో, ఒక వైరస్ రూపంలో పుట్టిన అంకెను ఈ మెలిక చెప్పకుండా తెలుగులోకి దించడం పెద్ద లోపం.

ఆపై ప్రశ్నే మారింది. అమెరికాలో 12 వారాలకు 84,000 డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్‌కు 2015లో హైదరాబాదుకు చెందిన నాట్కో జనరిక్ రూపాన్ని విడుదల చేసింది. నేరుగా వైరస్‌పై పనిచేసే మందుల కలయికతో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమవుతున్నప్పుడు జన్యుపరీక్షకు మునుపటి విలువ లేదు. సిర్రోసిస్ ఉన్న మూడవ రూపం రోగి విషయంలో మాత్రం జాగ్రత్త ఇంకా అవసరమే.

హెపటైటిస్ ‘బి’లో అంచనా అవసరం తీరలేదు. టెనోఫోవిర్ వైరస్‌ను అణచగలదు, కణకేంద్రకంలో దాగిన దాని డీఎన్ఏను తొలగించలేదు. పెగ్ ఇంటర్‌ఫెరాన్ వాడేచోట, ఇ-యాంటిజెన్ లేని ‘డి’ జన్యురూపం రోగికి 12వ వారంలో ఉపరితల యాంటిజెన్ ఏమాత్రం తగ్గక, వైరస్ డీఎన్ఏ కూడా వందోవంతుకు పడిపోకపోతే చికిత్స ఆపమంటారు. గమనించదగినది ఇదే: ఈ నియమం నయమయ్యేవారి కంటే కానివారిని బాగా గుర్తిస్తుంది. వృథా ఇంజెక్షన్ల నుంచి, ఖర్చు నుంచి రోగిని తప్పించడమే దాని ప్రయోజనం.

దీనికి ‘జోస్యం’ అన్న మాట వాడటం నాకు సమ్మతం కాదు. జోస్యం ఒక వ్యక్తి గురించి చెబుతుంది. అంచనా అతని వంటి వందమంది గురించి చెబుతుంది. ‘డెబ్బై శాతం’ అని విన్న హిందూపురం రోగి తాను ఆ డెబ్బైలో ఉన్నాడో, ముప్పైలో ఉన్నాడో ఆ అంకెతో తేల్చుకోలేడు. వైద్యుడు అతనికి ఆ మాట ఏ తెలుగులో చెప్పాలో మన పరిభాషా నిఘంటువులు ఇంకా పట్టించుకోవలసి ఉంది.