‘పునఃశాసనము’ – పర్యాయపదవిమర్శ

రద్దయిన చట్టమునుగాని, గడువు తీరనున్న చట్టమునుగాని శాసనసభ మరల చేయుటను ఆంగ్లమున ‘రీఎనాక్ట్’ అను క్రియ తెలుపును. తెలుగున దీనికి పునర్నిర్మించు, పునరుద్ధరించు, పునఃప్రవేశపెట్టు, తిరిగి చట్టము చేయు, పునఃశాసనము చేయు అను రూపములు ఒకదానికి బదులొకటి వాడబడుచున్నవి. ఇవి నిజముగా పర్యాయపదములేనా అని విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట రూపమును గూర్చి. ‘పునర్’ అను అవ్యయము అచ్చులకును సరళములకును ముందు రేఫాంతముగ నిలుచును. పునరుద్ధరణము, పునర్జన్మము ఉదాహరణములు. శకారము పరమైనపుడు పునఃశాసనము, పునశ్శాసనము అను రెండును సాధువులు. ‘పునర్శాసనము’ అసాధువు. ఇక ‘శాసించు’ అను క్రియకు తెలుగున ఆజ్ఞాపించుట, ఏలుట, దండించుట అను అర్థములు బలముగ నాటుకొన్నవి. రాజు ప్రజలను శాసించును. చట్టమును శాసించె ననుట మన పలుకుబడికి ఒదుగదు. కావున ‘పునఃశాసించు’ అనుటకంటె ‘పునఃశాసనము చేయు’ అనుట మేలు. సామాన్యజనమునకు ‘చట్టము చేయు’ అనునదే చేరువ. చిత్తూరు సీమవారికి ఈ పదము రెండు భాషలందును వినవచ్చును. తమిళమున ‘చట్టం’ అనగా న్యాయవిధియు, చట్రమును గూడ.

ఇక అర్థవిచారము. ‘పునర్నిర్మించు’ అనునది కట్టడమునకు తగును. చట్టమునకు దానిని వాడినచో లోపలి అమరిక మారినదను భ్రాంతి కలుగును. ఒక్క అక్షరమైన మారకయే చట్టమును మరల చేయవచ్చును. ‘పునఃప్రవేశపెట్టు’ అనునది బిల్లును సభ ముందుంచుటకు చెల్లునేకాని, సభ ఆమోదించుటకు చెల్లదు. ‘పునరభినయించు’ అనునది ఆ ఆంగ్లక్రియకే గల రంగస్థలార్థము; దానికిక్కడ తావు లేదు.

‘పునరుద్ధరించు’ అనుదానిని గూర్చి కొంత నిలిచి చూడవలెను. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమున 7వ సెక్షను ఉద్ధరణమునకు, 8వ సెక్షను పునఃశాసనమునకు వేర్వేరుగ ఏర్పడినవి. రద్దయిన చట్టమును ఉద్ధరింపవలెనన్న ఆ ఉద్దేశమును స్పష్టముగ చెప్పవలెనని మొదటిది. చట్టమును రద్దుచేసి మరల చేసినపుడు, ఇతర చట్టములలో పాతదానిని గూర్చిన ప్రస్తావనలను క్రొత్తదానికి అన్వయింపవలెనని రెండవది. పాత చట్టము క్రింద వెలువడిన నియామకములు, నియమములు, ఉత్తరువులు క్రొత్తదానికి విరుద్ధములు కానంతవరకు నిలుచునని 24వ సెక్షను. ఈ రెండు క్రియలను తెలుగున ఒకే పదముతో చెప్పినచో, ఒక ఉద్యోగి నియామకము నిలిచినదో లేదో పాఠకుడు తేల్చుకొనలేడు. పదముల నడిమి తేడా ఇక్కడ హక్కుల నడిమి తేడా యగును.

మన సీమ చరిత్రలోనే దీనికి చక్కని దృష్టాంతము కలదు. 1939లో మదరాసు మంత్రివర్గము రాజీనామా యిచ్చిన పిదప, 1946 వరకు గవర్నరే 1935 నాటి చట్టపు 93వ సెక్షను క్రింద చట్టములు చేసెను. ఆ పరిపాలన ముగిసిన రెండేండ్లకు అవి చెల్లకుండ పోవును. అందుచే మదరాసు శాసనసభ 1948లో ప్రత్యేకచట్టముచే వానిలో పెక్కింటిని పునఃశాసనము చేసెను. చిత్తూరు జిల్లా నాడు ఆ రాష్ట్రములోనిదే. ఇక్కడ మాట పాతది, పలికినవారు క్రొత్తవారు. గవర్నరు ఒక్కడే పలికిన దానిని ప్రజాప్రతినిధులు తమ మాటగ పలికిరి. పునఃశాసనమునకు ప్రాణమిదియే యని మా మతము.

‘శాసన’ శబ్దమునకు శిలాశాసనమను అర్థము గూడ కలదు గనుక, పునఃశాసనమన్న పాత శాసనమును మరల చెక్కుటయని పరిశోధకులు శంకింపవచ్చును. తిరుమళవాడి ఆలయవిమానమును తిరిగి కట్టునపుడు పాత శాసనములకు ప్రతులు వ్రాయించి, రాజేంద్రచోళుని కాలమున క్రొత్త గోడలపై చెక్కించిరి. అచట పాత దాతల మాట వారి మాటగనే నిలిచినది. అది పునర్లేఖనము. పలుకువారు మారినపుడే పునఃశాసనము.

ఈ ప్రమాణముతో తిరుమల తిరుపతి దేవస్థానముల చట్టములను పరీక్షింతము. 1933 నాటి ప్రత్యేకచట్టము కమిటీని, కమీషనరును ఏర్పరచెను. 1951 నాటి చట్టము ధర్మకర్తల మండలిని, కార్యనిర్వహణాధికారిని తెచ్చెను. ఆ నిబంధనలను 1966 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయచట్టము నిలిపెను. ఇది పునఃశాసనమునకు సరియైన ఉదాహరణము. 1979లో దేవస్థానములకు వేరుగ చట్టము వచ్చెను. 1987 నాటి చట్టము దానిని తొలగించి, అర్చకుల వంశపారంపర్యపు మిరాసీ హక్కులను గూడ రద్దుచేసెను. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. ఇంతటి మార్పును కేవలము ‘తిరిగి చేసిరి’ అని వ్రాయుట, తరతరముల హక్కు పోయిన సంగతిని ఒక్క క్రియాపదము చాటున దాచుటయే. కొనసాగిన భాగమునకు పునఃశాసనమనియు, మారిన భాగమునకు నూతనశాసనమనియు విడదీసి చెప్పవలెను.

కావున మా నిర్ణయమిది: పాత నిబంధనలను సభ తన అధికారముతో మరల పలికినపుడు ‘పునఃశాసనము చేయు’, సామాన్యపాఠకులకొరకు వ్రాయునపుడు ‘తిరిగి చట్టము చేయు’, రద్దయిన చట్టమునకే మరల ప్రాణము పోసినపుడు ‘పునరుద్ధరించు’. ఇవి పర్యాయపదములు కావు, పొరుగుపదములు. పొరుగువారి హద్దులు చెరిగినచో తగవు కోర్టుకెక్కును; కోశకారుడు ఆ హద్దురాళ్లను ముందే పాతవలెను.