గీతకీ గీతకీ మధ్య

టోపోగ్రాఫిక్ పటం విప్పగానే చాలామంది శిఖరం ఎక్కడుందో వెతుకుతారు. నేను ముందు ఆకుపచ్చ రంగు ఎంత మేర పరుచుకుందో చూస్తాను. కాలిఫోర్నియాలో ఇన్యో నేషనల్ ఫారెస్ట్, కొంత భాగం అందులో ఉన్న జాన్ మ్యూర్ వైల్డర్‌నెస్ కొండల్లో నడవడం అలవాటయ్యాక అబ్బిన చూపు ఇది.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి 1:24,000 స్కేలు పటాల్లో పచ్చరంగు అడవికి, తెలుపు చెట్లు లేని నేలకు గుర్తు. గోధుమరంగు కాంటూరు గీతలు, అంటే మనం బడిలో చదువుకున్న సమోన్నత రేఖలు, రెండింటి మీదా ఒకే తీరుగా సాగిపోతాయి. కానీ రెండుచోట్లా వాటిని ఒకేలా నమ్మకూడదు.

గత శతాబ్దంలో ఈ గీతల్ని ఎక్కువగా విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి గీశారు. ఒకే నేలను రెండు చోట్ల నుంచి తీసిన జంట ఫొటోలను స్టీరియో ప్లాటర్‌లో పెడితే కొండ ఉబ్బెత్తుగా లేచి కనబడుతుంది. ఆపరేటరు ఓ చుక్కను ఎత్తు మారకుండా కొండ చుట్టూ నడిపిస్తే అదే కాంటూరు. గ్రానైటు బండల మీద ఆ చుక్క నేలను ఒరుసుకుంటూ పోతుంది. దట్టమైన అడవి వచ్చేసరికి నేల మాయమై చెట్ల తలలే కనిపిస్తాయి. చెట్ల ఎత్తు అంచనా కట్టి, ఆ మేరకు తగ్గించి గీయాల్సిందే.

పైగా కొండ పటాల్లో గీతకీ గీతకీ ఎడం తరచూ 40 అడుగులు. మూడంతస్తుల మేడంత నిట్టనిలువు బండ కూడా ఆ ఎడంలో జాడ లేకుండా ఇమిడిపోగలదు. 1947 నాటి అమెరికా ప్రమాణం ప్రకారం పరీక్షించిన ఎత్తుల్లో 90 శాతం సగం ఎడం లోపు తేడాతో ఉంటే చాలు. అంటే ఇక్కడ 20 అడుగులు. మిగతా పది శాతం మన కాళ్లకు ఎక్కడ తగులుతుందో పటం చెప్పదు.

ఇప్పుడు లైడార్ వచ్చింది. విమానం నుంచి వదిలిన లేజర్ కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా దిగి తిరిగొస్తాయి. వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన ప్రాంతాల్లో మోటారు వాహనాలను, విమానాలు దిగడాన్ని 1964 చట్టం దాదాపుగా నిషేధించింది కాబట్టి, అడుగుపెట్టకుండా కొలిచే ఈ పద్ధతి అక్కడ బాగా అక్కరకొస్తుంది.

అయినా పాత పటాలు ఇంకా మన ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే వారాంతంలో కొండెక్కుతామనే మన కుర్రాళ్లకు ఒకటే చెబుతాను: పటం అంచున ఉన్న చిన్న అక్షరాలు చదవండి. కాంటూరు ఎడమెంత, ఫొటోలు ఏ ఏటివి అన్నది అక్కడుంటుంది. ఆ రెండూ చూసుకున్నవాళ్లు పచ్చరంగులోంచి పోయే దారికి ఓ గంట ఎక్కువే పెట్టుకుని బయల్దేరతారు.