మూత ఎంపికలో ముందుచూపు

కైకలూరు చెరువుల నుంచి చేపలు, రొయ్యలు మోసే పికప్ బండ్ల కింద ఐస్ కరిగిన నీళ్లు, ఉప్పు, బురద కలిసి కారుతుంటాయి. ఆ తడికి వెనక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ రేకు మూతకు తుప్పు పడుతుంది. అలాంటి బండ్లకు దిక్కు 1960ల్లో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్.

అక్కడి అనుభవజ్ఞుడైన మెకానిక్ కొత్త మూత అడిగే ముందు పాత ఆయిల్ చూస్తాడు. మజ్జిగలా తెల్లబడితే లోపలికి నీరు చేరినట్టే. అప్పుడు మూత ఒక్కటే మారిస్తే చాలదు; గాలి ఆడే బ్రీదర్ మూసుకుపోయిందేమో, యాక్సిల్ సీళ్లు పోయాయేమో చూడాలి. ఇనుప ముక్కలు కనిపిస్తే క్రౌన్ వీల్, పినియన్ గేర్ల పళ్లు పరీక్షించాల్సిందే.

అసలు పనితనం ఎంపికలోనే ఉంది. కొన్ని ఇరుసులకు వెనక మూత బోల్టులతో ఊడుతుంది, కొన్నింటికి వెల్డింగే. బోల్టుల రకమైతే పాత మూతను కొత్తదాని మీద పెట్టి రంధ్రాలు సరిచూస్తారు. బోల్టులు కుదిరినంత మాత్రాన సరిపోదు: లోపల క్రౌన్ వీల్‌కు తగలకూడదు, ఆయిల్ పోసే ప్లగ్ ఎత్తు మారకూడదు. ఎత్తు మారితే ఆయిల్ మట్టమే తప్పుతుంది.

అల్యూమినియం మూత అందంగా ఉంటుంది, ఇనుములా తుప్పు పట్టదు. కానీ రాయి గట్టిగా తగిలితే పగలొచ్చు. రేకు మూత చాలావరకు సొట్టతో బయటపడుతుంది.

గట్ల మీద తిరిగే బండికి మందపాటి రేకు మూతే మేలు. బిగించేటప్పుడు బోల్టులను ఎదురెదురుగా బిగించమనండి, పాత గాస్కెట్ మళ్లీ వాడనివ్వకండి.