పేరు మనది, పాఠం ఎవరిది?

గిరిజన విశ్వవిద్యాలయం గురించి ఇంతవరకు మనం మాట్లాడుకున్నది ఎక్కువగా భూమి గురించి, నిధుల గురించి, పేరు గురించి. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు అది 2019లో విజయనగరంలో మొదలైంది. తెలంగాణకు 2023 డిసెంబరులో గానీ పార్లమెంటులో చట్టం కాలేదు. 889.07 కోట్ల రూపాయల అంచనా వేశారు, సమ్మక్క సారక్కల పేరు పెట్టారు. 2024-25లో ములుగు దగ్గర జాకారంలోని యువజన శిక్షణ కేంద్రం భవనంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం మార్గదర్శకత్వంలో తరగతులు మొదలయ్యాయి. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన వాళ్లం కాబట్టి సంతోషించాం. సంతోషించడంలో తప్పు లేదు. అయితే బడి పెట్టిన తర్వాత పంతులు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉంటాయి. లోపల ఏం చెబుతున్నారు? ఎవరు చెబుతున్నారు? ఏ భాషలో చెబుతున్నారు? బెంచీ మీద ఎవరు కూర్చుంటున్నారు?

నేనుండేది సంగారెడ్డి జిల్లా కొండాపూర్. ములుగు ఇక్కడికి చాలా దూరం. ఇది ఏజెన్సీ కాదు. చుట్టూ తండాలున్నాయి, అక్కడక్కడ మా ఎరుకల ఇళ్లున్నాయి. ఇక్కడ ఇంటర్ పాసైన గిరిజన పిల్లవాడి ముందు రెండు దారులుంటాయి. ఒకటి డిగ్రీ. రెండోది పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద షిఫ్టు పని. రెండో దారిలో వచ్చే నెలకే జీతం చేతికొస్తుంది. మొదటి దారిలో మూడు నాలుగేళ్ల తర్వాత ఏమొస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ దారిలో ఇంట్లో ఎవరూ నడవలేదు. కాబట్టి విశ్వవిద్యాలయం లోపల ఏం జరుగుతుందన్నది మాకు దూరపు సంగతి కాదు. అక్కడ చదువు నిలబడితే ఇక్కడ ఒక తల్లి తన బిడ్డను షిఫ్టుకు పంపకుండా ఆపగలుగుతుంది.

మొదట భవనాల మాట తేల్చేద్దాం. తాత్కాలిక భవనంలో నడుస్తోందని చాలామంది ఎద్దేవా చేస్తున్నారు. విజయనగరంలో కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పీజీ కేంద్రంలోనే మొదలుపెట్టారు, సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. ఆలస్యాన్ని నేను సమర్థించను. కానీ మా సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీని చూడండి. అదీ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోనే మొదలైంది. కందికి 2015లో వచ్చింది. అరువు భవనంలో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ ఐఐటీ కాదనలేదు. ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో దానికి మొదటి రోజే స్పష్టంగా తెలుసు. గిరిజన విశ్వవిద్యాలయానికి ఆ స్పష్టత ఉందా అన్నదే నా అనుమానం.

ములుగులో మొదట పెట్టిన కోర్సులు రెండు. బీఏ ఆనర్స్ ఇంగ్లిష్, బీఏ ఆనర్స్ ఎకనామిక్స్. ఈ రెండూ మన పిల్లలకు వద్దని అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంగ్లిష్ లేక ఎన్ని ఇంటర్వ్యూల్లో వెనక్కి తిరిగామో మనకు తెలుసు. లెక్కలు తెలియక సంతలో ఎంత పోగొట్టుకున్నామో అంతకంటే బాగా తెలుసు. అయితే ఈ రెండు కోర్సులూ వరంగల్‌లోనూ దొరుకుతాయి, హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. వేరేచోట దొరికేదాన్నే ఇక్కడా చెప్పడానికి ప్రత్యేకంగా పార్లమెంటు చట్టం ఎందుకు? ఆ బిల్లు పెట్టినప్పుడు ప్రభుత్వమే కారణం చెప్పింది. గిరిజనుల కళలు, సంస్కృతి, ఆచారాల్లో బోధన, పరిశోధన జరగాలని, సాంకేతిక ప్రగతి గిరిజనులకు అందాలని అందులో ఉంది. ఆ కొలబద్ద వాళ్లు పెట్టుకున్నదే. దానితోనే కొలుద్దాం.

డీఎడ్‌లో మనందరం నేర్చుకున్న బోధనా సూత్రం ఒకటుంది. తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి. ఒకటో తరగతికి పనికొచ్చే ఈ సూత్రం డిగ్రీకి పనికిరాదని ఎవరు చెప్పారు? ఎకనామిక్స్ పాఠంలో గిరాకీ, సరఫరా గురించి చెప్పాలంటే ఎక్కడో ఉన్న దేశపు గోధుమల లెక్కతో మొదలుపెట్టక్కర్లేదు. తునికాకు కట్ట ధర ఎవరు నిర్ణయిస్తారో అడగవచ్చు. ఇప్పపువ్వు, చింతపండు గిరిజన సహకార సంస్థ కొంటే ఎంత వస్తుంది, సంతలో దళారి కొంటే ఎంత వస్తుంది అని లెక్క కట్టించవచ్చు. 1/70 చట్టం ఉన్నా భూమి చేతులు ఎలా మారుతోందో చూడమనవచ్చు. మా ఎరుకల ఇళ్లలో అయితే ప్లాస్టిక్ గంపలు వచ్చాక ఈత బరిగెల గంప ధర ఏమైందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అది మార్కెట్ పాఠం కాదా? ఇంగ్లిష్ తరగతిలో ఒక కోయ పాటను పిల్లలే ఇంగ్లిష్‌లోకి తెస్తే రెండు భాషలూ లోతుగా వస్తాయి. కోర్సు పేరు అదే ఉండనివ్వండి. పాఠం ఎక్కడినుంచి మొదలవుతుందన్నదే అసలు సంగతి.

మన భాషల్లో పైచదువులు ఎలా సాధ్యం, పదాలు లేవు కదా అని ఒక మాట వినిపిస్తుంది. దీనికి జవాబు మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు ఉర్దూలో పైచదువులు చెబుతామన్నారు. అప్పుడు ఉర్దూలో ఇంజనీరింగ్ పుస్తకాలు, వైద్యం పుస్తకాలు సిద్ధంగా లేవు. అందుకని అంతకుముందే ఒక అనువాద శాఖ పెట్టి, పండితులను కూర్చోబెట్టి, పదాలు తయారుచేయించి, పుస్తకాలు రాయించారు. పదాలు దొరికాక విశ్వవిద్యాలయం పెట్టలేదు. విశ్వవిద్యాలయం పెట్టాలనుకుని పదాలు చేసుకున్నారు. అదే ఉదాహరణలో రెండో పాఠం కూడా ఉంది. ఉర్దూకు అంత చేసిన ఆ ప్రభుత్వం తన ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడే తెలుగును పక్కన పెట్టింది. ఏ భాషకు పదాలు పుడతాయన్నది ఆ భాష గొప్పతనాన్ని బట్టి కాదు, అధికారం ఎవరి పక్షాన ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. తెలుగు వాళ్లు ఆనాడు పడ్డ బాధను ఈనాడు గోండీ, కోయ, కొలామీ పిల్లలు తెలుగు బడిలో పడుతున్నారు.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదా? జరిగాయి. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన హైమండార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య కింద గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు చేశారు. ఈ రెండూ కింది తరగతుల దగ్గరే ఆగిపోయాయి. కారణం ఆలోచిస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. పైన ఆధారం లేదు. కోయలో ప్రాథమిక పాఠం చెప్పాలంటే కోయలో శిక్షణ పొందిన టీచరు కావాలి. ఆ టీచరును తయారుచేయడానికి కోయలో డిగ్రీ, బీఎడ్ ఉండాలి. నిఘంటువు, వ్యాకరణం రాసేవాళ్లు ఉండాలి. అది విశ్వవిద్యాలయం చేయాల్సిన పని. ఇల్లు కింది నుంచే కట్టాలి గానీ, భాషా విద్యకు పై అంతస్తు కూలితే కింది అంతస్తూ నిలవదు.

ఎవరు చెప్పాలి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. డోలు కొట్టి సమ్మక్క సారక్కల కథను కోయ భాషలో పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ కనకరాజుకు అంతకుముందు ఏడాది వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. సమ్మక్క సారక్కల పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం తరగతులు మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. ఆ పెద్దలు పోవడం ఎవరి తప్పూ కాదు. కానీ వాళ్లలాంటి వాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వాళ్ల వయసు ఆగదు. డిగ్రీ లేనివాళ్లను ఎలా పెట్టుకుంటామని అనడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. దీర్ఘకాల అనుభవం ఉన్నవాళ్లను డిగ్రీలతో పని లేకుండా ఆచార్యులుగా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. పరిశ్రమల పెద్దల కోసం ఆ తలుపు తెరిచారేమో, మన పెద్దలు కూడా అందులోంచే లోపలికి రావచ్చు.

విశ్వవిద్యాలయం, ఊరు కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఆదిలాబాద్ జిల్లా గుంజాల చాలు. ఆ ఊళ్లో పెద్దలు దాచుకున్న గోండీ రాతప్రతులను 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. ఊరి పెద్దలే ఆ లిపి చదివి నేర్పారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోనులో, కంప్యూటరులో రాయడానికి దారి పడింది. పన్నెండేళ్లలో అటక మీది కాగితం ప్రపంచ లిపుల పట్టికలోకి వచ్చింది. చదువుకున్నవాళ్లు ఊరి ముందు విద్యార్థుల్లా కూర్చున్నారు కాబట్టే అది జరిగింది.

ఇక బెంచీ మీద ఎవరు కూర్చుంటారన్నది. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాలకు 2006లో చేసిన చట్టం ఎస్టీలకు 7.5 శాతం సీట్లు అంటుంది. ముప్పై సీట్ల తరగతి అనుకుంటే అది ఇద్దరు. ఆరో షెడ్యూలు గిరిజన ప్రాంతాల సంస్థలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది, మన ఏజెన్సీలు మాత్రం ఐదో షెడ్యూలులోనివి. తెలంగాణ రాష్ట్రమే 2022లో తన విద్యాసంస్థల్లో ఎస్టీల వాటాను పది శాతం చేసింది. గిరిజన విశ్వవిద్యాలయంలో గిరిజనులకు ఎంత అన్నది ఏటా వచ్చే ప్రకటన మీద వదలకూడదు. చట్టంలోనే రాయాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశానికి పెట్టిన సీయూఈటీ పరీక్ష పదమూడు భాషల్లో ఉంది. అందులో తెలుగు ఉంది, గిరిజన భాష ఒక్కటీ లేదు. ఆన్‌లైన్ దరఖాస్తు, దూరపు పరీక్షా కేంద్రం, కులం, ఆదాయం సర్టిఫికెట్లు దాటుకుని వచ్చేసరికే సగం మంది మిగలరు.

వచ్చినవాళ్లకు మొదటి మూడు నెలలే గండం. మా మండలంలో ఒక తండా అమ్మాయి ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది. పేరు రాయను. మొదటి ఏడాది దాటకుండానే తిరిగొచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తోంది. ఎందుకొచ్చావమ్మా అంటే, "పాఠం అర్థం కాకపోవడం అందరికీ ఉంటది సార్. అర్థం కాలేదని ఏ భాషల చెప్పాల్నో నాకు తెల్వలే" అంది. మెస్ బిల్లు ముందు వస్తుంది, స్కాలర్‌షిప్ తర్వాత వస్తుంది. ఈ మధ్యలో అప్పు ఇంటి మీద పడుతుంది. ఇవి ఆ అమ్మాయి తెలివికి సంబంధించిన విషయాలు కావు. మొదటి సెమిస్టరులో వంతెన తరగతులు, ఇంటి భాష తెలిసిన ఒక సీనియరు తోడు, స్కాలర్‌షిప్ వచ్చేదాకా మెస్ బిల్లు వాయిదా. ఈ మూడింటికి వందల కోట్లు అక్కర్లేదు.

మన భాషలు, మన పాటలు అంటూ కూర్చుంటే పిల్లలు మ్యూజియం బొమ్మలవుతారని మనలోనే కొందరు భయపడుతున్నారు. ఆ భయంలో నిజముంది. మా కొండాపూర్‌లో శాతవాహనుల నాటి నాణేలు, పూసలు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. చూసి వస్తాం, వాటితో ఏమీ కొనలేం. భాషను అలా పెట్టెలో పెట్టమని నేను అనడం లేదు. చెలామణిలో ఉంచమంటున్నాను. కోయలో బీఎడ్ చేసిన వాళ్లకు కోయ ఊళ్ల బడుల్లో పోస్టు ఉంటే, గోండీ తెలిసిన నర్సుకు ఉట్నూరు ఆసుపత్రిలో ముందు అవకాశం ఇస్తే, ఆ భాషకు విలువ దానంతటదే వస్తుంది. కన్నవాళ్లు కూడా అప్పుడు బిడ్డతో ఇంటి భాష మాట్లాడటానికి జంకరు. మా కుర్రు బాస తమిళానికి దగ్గరిది, తెలుగు బడిలో దానికి చోటు లేదు. మా ఇళ్లలో చాలామంది పిల్లలకు ఇప్పుడు అది అర్థమవుతుంది గానీ నోట రాదు. ఆ ఎనిమిది భాషల పట్టికలో కూడా అది లేదు. మైదాన ప్రాంత గిరిజనుల భాషలనూ విశ్వవిద్యాలయం తన పనిగా తీసుకోవాలి.

సమ్మక్క సారక్కలు కరువు కాలంలో కప్పం కట్టమన్న రాజును ఎదిరించారని మన పెద్దలు చెబుతారు. ఆ పేరు బోర్డు మీద రాసుకున్న సంస్థలో చదవడానికి మన పిల్లలు తమ భాషను కప్పంగా కట్టాల్సి రాకూడదు.

టీచర్లుగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఈసారి ప్రవేశ ప్రకటన వచ్చినప్పుడు చదివి ఊరుకోకుండా సిలబస్ కూడా తెప్పించి చదవండి. మీ తరగతిలో పిల్లలు ఇంట్లో వాడే మాటలు వంద ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి, రేపు నిఘంటువు చేసేవాళ్లకు అదే విత్తనం. ఇంటర్ చదివే పిల్లల దరఖాస్తు దగ్గర కూర్చోండి. ఏ కోర్సు కావాలో, ఏ భాషలో కావాలో యువకులు గ్రామసభలో తీర్మానం చేసి పంపండి. అడగని వాళ్లకు కోర్సు ఎవరూ పెట్టరు.