హిందుస్తానీ బినే: పేరులో సగం ఎక్కడ పోయింది?

దబీర్‌పురాలో బి.ఎడ్. చదివే కొందరు దళిత పిల్లలతో కూర్చుని మనోవిజ్ఞాన పాఠాలు తిరగేశాం. 'ప్రజ్ఞ' అధ్యాయంలో మన దేశానికి దక్కింది ఒకే వాక్యం: 1922లో లాహోర్‌లో సి.హెచ్. రైస్ తొలి ప్రజ్ఞా పరీక్ష తయారుచేశాడని. బిట్ ప్రశ్నగా వస్తుంది కనక అందరికీ కంఠతా వచ్చు. 1929లో అచ్చయిన రైస్ పుస్తకం పేరు మాత్రం 'హిందుస్తానీ బినే'తో ఆగదు. పంజాబులో కొన్ని కులాల ప్రజ్ఞను పోల్చటం అన్న మాట కూడా అందులో వుంది. మేం చూసిన ఏ తెలుగు గైడులోనూ ఆ సగం లేదు. కొలబద్ద దిగీదిగగానే కులాన్ని కొలిచిందన్నమాట. మనకు తెలియాల్సింది అదే గదా!

బినే 1905లో పారిస్‌లో ఆ పరీక్ష చేసింది చదువులో సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించటానికి. తెలివి పెరగదనే వాళ్ళను 1909లో తనే తప్పుపట్టాడు. అమెరికాలో 1916లో టెర్మన్ చేతికొచ్చేసరికి అది పుట్టుకతో వచ్చిన సరుకుని తూచే తక్కెడయింది. గైడు యీ తేడా చెప్పదు. అనువంశికతకు రుజువుగా సిరిల్ బర్ట్ కవలల్ని యింకా చూపిస్తోంది. కవలల జంటలు 21 నుంచి 53కి పెరిగినా సహసంబంధం 0.771 దగ్గరే కదలకుండా వుందని లియోన్ కామిన్ 1974లోనే బయటపెట్టాడు. బర్ట్ కావాలని చేశాడా అన్న వాదన వేరు. ఆ అంకెలైతే పనికిరావు.

యిక భాష సంగతి. మా పిల్లలు యింట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో దక్కనీ మాట్లాడతారు. బడిలో పుస్తకాల తెలుగు. 'నక్కో', 'హౌ' అనే పిల్లాడికి లాహోర్ ఉర్దూ ప్రశ్న వేస్తే తేలేది వాడి ప్రజ్ఞా, మన కొలతా? మాలో వొకరిని చిన్నప్పుడు 'మందబుద్ధి' అని వెనక బెంచీకి పంపారు. పంతులుగారి మాట అర్థంకాక నోరు మూసుకోవటమే ఆ బుద్ధికి లక్షణం. 1990లో మండల్ గొడవప్పుడు 'ప్రతిభ' అని అరిచినవాళ్ళూ యిట్లాంటి పాఠాలే చదువుకుని వచ్చారు.

కులం రక్తశుద్ధిని కాపాడుతుందన్న వాదాన్ని అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో సుప్రజనన శాస్త్రం లెక్కలోనే పెట్టి కొట్టేశాడు. అదే నిజమైతే మేలుజాతి మనుషులు తయారై వుండాలి గదా అని నిలదీశాడు. గాల్టన్‌కు రెండు పేజీలిచ్చిన అధ్యాయంలో అంబేడ్కర్ పేరే లేదు.

పాఠాలు తిరగరాసేవాళ్ళను మేం అడిగేది: రైస్ పుస్తకం పేరు పూర్తిగా వేయండి. గాల్టన్ పక్కన అంబేడ్కర్‌కూ రెండు పేజీలివ్వండి.